దిమ్మ మీద ఎర్రనీళ్లు

204వ దిగుడు

నా దగ్గర రెండు పుస్తకాలున్నాయి. ఒకటి విమాన దళం వాళ్లిచ్చిన పెద్ద పుస్తకం. గాలి ఎటు వీచింది, ఏ విమానం దిగింది, ఎన్ని పెంకులు మార్చాం అని అందులో రాసి చివర "సరే" అని సంతకం పెట్టాలి. నేను సరే అంటేనే దిమ్మ మీద విమానం దిగుతుంది. రెండోది ఇది. మా శోభనాద్రి చిన్నప్పుడు ఎక్కాలు రాసుకున్న నోటుబుక్కులో మిగిలిన కాగితాలు. నేను తప్ప ఎవరూ చదవరు కనుక ఇందులో బడాయికి పోవాల్సిన పని లేదు.

పొద్దున ఆరున్నరకి సువార్త దిగింది. నా కోడలు, పైలట్. నిలువు జెట్ దిగేటప్పుడు మేమంతా మట్టికట్ట వెనక కూర్చుంటాం. అది సముద్రం మీంచి వచ్చి, దిమ్మ నెత్తిన ఆగి, కడుపులోంచి కిందికి నిప్పు కక్కుతూ, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ మెట్లు దిగినట్టు దిగుతుంది. ఒక నిమిషం. ఆ నిమిషం నిప్పంతా నా పెంకుల మీదే పడుతుంది. నేల మీద పరిగెత్తి లేచే విమానాల కాలం మా అమ్మ కాలంతోనే పోయింది. వాటికి కావాల్సినంత పొడుగు నేల ఈ తీరంలో నీళ్లు మిగల్చలేదు.

విమానం పక్కకి లాగాక మా ఏడుగురం ఆడవాళ్లం వరసగా నిలబడి, వంగి, దిమ్మ ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తాం. కనపడిన ముక్కల్లా ఏరతాం. జెట్ నోరు తెరుచుకుని గాలి మింగుతుంది, గాలితో పాటు రాయి ఎగిరొచ్చినా మింగుతుంది. మింగితే ఇంజన్ పోతుంది. ఏ ముక్క ఎంత ప్రమాదమో దళం వాళ్ల కాగితంలో అంకెలేసి ఉంది కానీ ఆ అంకెలు మా జట్టులో ఎవరికీ గుర్తుండవు. అందుకని పోపుల డబ్బా పెట్టాను. ఆవగింజంత ముక్క ఒక గిన్నెలో, జీలకర్రంతది ఒక గిన్నెలో, మినప్పప్పంతది ఇంకో దాంట్లో. శనగపప్పంత ముక్క దొరికిందంటే దిమ్మ మూసెయ్యాలి. ఇరవై రెండేళ్లలో ఆ గిన్నె ఎప్పుడూ ఖాళీనే.

ఇవాళ మినప్పప్పంతవి తొమ్మిది దొరికాయి. పోయిన నెలంతా కలిపి రెండు.

బుల్లెమ్మ డబ్బాలోకి తొంగి చూసి, "ఏంటి నాంచారమ్మా, ఇయ్యాళ పోపు గట్టిగా పెట్టేట్టున్నావు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి మూత పెట్టేశాను.

205వ దిగుడు

జోగారావు దిగాడు. మాకున్న రెండు విమానాల్లో రెండోది అతనిది. మినప్పప్పంతవి పదకొండు.

ఎందుకో నాకు తెలుసు. మాది కుమ్మరోళ్ల ఇల్లు. మా తాత కుండలు చేశాడు, మా నాన్న ఇళ్ల మీద పెంకులు చేశాడు, నేను విమానాల కింద పెంకులు చేస్తున్నాను. మూడడుగుల పలక, ఇద్దరు పట్టి మోయాలి. వాటికి మట్టి ఎగువ నుంచి పడవలో వచ్చేది. ఎర్రటి జిగట మట్టి, దాంతో పాటే గాజుపూత రాయి. నీటిదొంగలు మంచినీళ్ల పడవల్ని పట్టుకోవడం మొదలుపెట్టాక మట్టి పడవ ఈ తీరానికి రావడం మానేసింది. నీళ్లకే కాపలా చాలడం లేదు, మట్టికి ఎవరు కాపలా వస్తారు. ఐదు నెలలుగా మా లంక మట్టితోనే చేస్తున్నాను. లంక మట్టిలో ఉప్పుంది. ఉప్పు మట్టితో కుండ చేస్తే పెచ్చులూడుతుందని పుట్టిన పిల్లకి కూడా మా ఇంట్లో తెలుసు.

పొద్దునే చింతకర్ర పట్టుకుని దిమ్మ మొత్తం మోగించాను. మంచి పెంకు ఖంగుమంటుంది. బీట వారిన పెంకు టప్పుమంటుంది. తడి పెంకు అసలు మాట్లాడదు, మొద్దుగా ఊరుకుంటుంది. దిమ్మ మీద ఐదు వందల డెబ్భై ఆరు పెంకులుంటే నడిమధ్యన, నిప్పు పడే చోట, నేను ఈమధ్య మార్చిన నూట పది టప్పుమంటున్నాయి. చెయ్యి పెట్టి చూస్తే పైపూతలో వెంట్రుకల్లాంటి గీతలు. నెల కిందట ఇట్లాంటివి ఇరవై కూడా లేవు.

పెద్ద పుస్తకంలో "సరే" అని రాశాను.

207వ దిగుడు

ఎర్రనీళ్ల సంగతి కూడా రాయాలి. ఆ తంతు మొదలుపెట్టింది నేనే.

పదిహేనేళ్ల కిందట ఒక పైలట్ వరసగా మూడుసార్లు చావు తప్పించుకుని వచ్చాడు. దిష్టి తియ్యాలంటే వచ్చిన మనిషికి ఎదురెళ్లి తియ్యాలి కదా. జెట్‌కి ఎదురెళ్తే బూడిదే మిగులుతుంది. అందుకని పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లు ఒక చెంబుడు ముందే దిమ్మ మధ్యలో పోసి వచ్చాను. విమానం దిగుతూనే దాని నిప్పుకి ఆ నీళ్లు బుస్సుమని ఆవిరై పోయాయి. దిష్టంతా ఆవిరిలో పోయింది అన్నాను. అప్పటి నుంచి మా జట్టుకి అదొక నియమం అయిపోయింది. మనిషి దిగే ముందు చెంబుడు ఎర్రనీళ్లు పడాల్సిందే. అప్పటి పెంకులకి గాజుపూత గట్టిగా ఉండేది, నీళ్లు తామరాకు మీద నీళ్లలాగే ఉండేవి. ఏ భయమూ లేదు.

ఇప్పటి పెంకులు అట్లా కాదు. ఆ గీతల్లోంచి నీళ్లు తాగుతున్నాయి. తడి ఆరని కుండని ఆవంలో పెడితే ఏమవుతుందో కుమ్మరి దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. పెటేలున పగిలి పక్కనున్న వాటిని కూడా తీసుకుపోతుంది. ఇక్కడ పక్కనుండేది విమానం.

కాబట్టి నెల రోజులుగా ఎర్రనీళ్లు నేనే పోస్తానంటూ చెంబు లాక్కుంటున్నాను. అందరూ మట్టికట్ట వెనక చేరాక వాళ్లకి వీపు పెట్టి నిలబడి, దిమ్మ అంచు మీంచి ఇసకలోకి ఒంపేసి వస్తున్నాను. నేను పెట్టిన ఆచారాన్ని నేనే దొంగతనంగా మోసం చేస్తున్నాను. వద్దని ఒక్క మాట చెప్తే సరిపోతుంది. ఎందుకు వద్దో కూడా చెప్పాలి మరి.

సాయంత్రం కమాండర్ ఖాసిం గారు వచ్చారు. మంచి మనిషి, గట్టిగా మాట్లాడరు. "నాంచారమ్మ గారూ, దిమ్మ ఎట్లా ఉంది? వానలు వచ్చేదాకా లాగుతుందా?" అని అడిగారు.

"లాగుతుందండి. మట్టి పడవ వస్తే ఇంకా నిశ్చింత."

"దాన్ని రప్పించే ఏర్పాటే చేస్తున్నాం. మీరు సరే అంటే నాకు సరే."

ఆ ఆఖరి మాట లేకపోతే బాగుండేది.

208వ దిగుడు

ఇంట్లో గొడవ.

సువార్త డ్యూటీ నుంచి వచ్చి చేపల పులుసు రుచి చూసి, "అత్తయ్యా, ఉప్పు ఎక్కువైంది" అంది. ఉప్పు అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతోంది ఈమధ్య. "ఎక్కువైతే తినకు, క్యాంటీన్‌లో తిను" అన్నాను.

ఆ పిల్ల పళ్లెం పక్కన పెట్టింది. "పులుసు గురించి కాదు కదా ఇది. నెల నుంచి చూస్తున్నా. నేను దిగిన ప్రతిసారీ మీ ముఖం నన్ను చూసినట్టు ఉండదు, నా కాళ్ల కింద చూసినట్టు ఉంటుంది. దిమ్మకేమైంది?"

"దిమ్మకేం. రాయిలా ఉంది."

"నిజమేనా?"

"ఇరవై రెండేళ్ల నుంచి చేస్తున్న పని. నిన్నగాక మొన్న వచ్చిన నువ్వు నన్ను అడుగుతున్నావా?"

"దాని మీద దిగేది నేను కాబట్టి అడుగుతున్నా" అని లేచి వెళ్లిపోయింది. తన గదిలో మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంది, ఆ ప్రార్థనలో నా పేరు కూడా ఉంది. రోజూ ఉంటుంది. నాకు ఏడుపొచ్చింది కానీ పులుసు కుండ తోముతూ ఆపుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. శోభనాద్రి జ్వరంతో పోయి నాలుగేళ్లయింది. కొడుకు పోయాక కోడలు అత్త దగ్గర ఉండాల్సిన పని లేదు, అందులోనూ వాళ్ల గుడి వేరు, మా గుడి వేరు. అయినా ఉండిపోయింది. దిమ్మ మూస్తే దళం ఎగువ కొండల్లో ఉన్న దిమ్మకి వెళ్లిపోతుంది. విమానం ఎక్కడుంటే పైలట్ అక్కడుండాలి. ఎగువకి ఇక్కడి నుంచి పడవలో ఇరవై రోజులు, అదీ పడవలు నడిస్తే. మూసెయ్యండి అని నేను నోరు విప్పిన రోజు నా ఇల్లు ఖాళీ అవుతుంది. అందుకే చెప్పడం లేదు. పరువు కోసం అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను, అది అబద్ధం.

209వ దిగుడు, తర్వాత

సువార్త ఎగువకి వెళ్లింది. మట్టి పడవ బయలుదేరుతోందట, దానికి పైనుంచి కాపలా కాస్తూ తీసుకురావాలి. ఏటివాలుకి వస్తుంది కనుక పన్నెండు రోజుల పని. ఎగువ దిమ్మ మీదే దిగుతూ లేస్తూ ఉంటుంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. మట్టి వస్తుంది. గాజుపూత రాయి వస్తుంది. పన్నెండు రోజుల్లో వచ్చిన మట్టిని మరో పదిహేను రోజుల్లో పెంకులు చేసి, నూట పదీ మార్చేస్తాను. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. పెద్ద పుస్తకంలో రాసిన సరేలన్నీ వెనకనుంచి నిజమైపోతాయి.

వెళ్లే ముందు నాతో మాట్లాడలేదు. హెల్మెట్ పెట్టుకుని, మట్టికట్ట దగ్గర ఒక్క క్షణం ఆగి నా వైపు చూసింది. నేను పెంకు మోగిస్తున్నట్టు తల వంచుకున్నాను.

211వ దిగుడు

జోగారావు దిగాడు. ముక్కలు ఏరుతుంటే నా చేతికి ఒకటి తగిలింది. చూడకుండానే తెలిసింది. శనగపప్పంత.

అటూ ఇటూ చూసి కొంగులో ముడేసుకున్నాను. డబ్బాలో ఆ గిన్నె ఖాళీగానే ఉంది. ఇరవై రెండేళ్ల రికార్డు కదా.

రోజంతా మట్టి తొక్కాను. ఉప్పు మట్టినే మూడుసార్లు మంచినీళ్లతో కడిగి, తేట తీసి, ఎండబెట్టి చూస్తున్నాను. మంచినీళ్లు మా తాగే వాటాలోంచే. ఇట్లా కడిగిన మట్టితో రోజుకి రెండు పెంకులవుతాయేమో. నూట పది కావాలి.

212వ దిగుడు

ఇంకా దారుణం. జోగారావు విమానం ఇంజన్‌లో రెక్క ఒకటి వంగింది. ఏదో మింగిందట. మెకానిక్కులు విప్పి పెట్టారు. ఏం మింగిందో దొరకలేదు. పక్షి అయ్యుంటుందన్నారు.

"పక్షేలే" అంది బుల్లెమ్మ నా పక్కన కూర్చుంటూ. ఆవిడకి అరవై దాటాయి, ఈ దిమ్మ వేసిన రోజు నుంచీ ఉంది. "ఈ మధ్య కొంగలు ఎక్కువైనయ్. నువ్వేంటి అట్టా పాలిపోయావు? కోడలు మీద బెంగా?"

"ఊఁ."

"మాట్లాడకుండా పంపించావంట. నోరు పెద్దదైతే మనసు కూడా పెద్దది చేసుకోవాలి నాంచారమ్మా. వచ్చిన రోజు నేను గట్టిగా దిష్టి తీస్తాలే పిల్లకి."

ఆ మాట నాకు వినపడింది. వినపడి కూడా పట్టించుకోలేదు, ఎర్రనీళ్లు పోసేది ఎలాగూ నేనే కదా అనుకున్నాను. రేపు కమాండర్ గారికి చెప్పేస్తాను. ఆయన ఎన్ని తిడితే అన్ని పడతాను. సువార్త రావడానికి ఇంకా రెండు రోజులుంది.

213వ దిగుడు

నిన్న రాయలేదు. ఇవాళ వరసగా రాస్తాను.

చెప్పాలని అనుకున్న పొద్దునే ఆవం దించాల్సి వచ్చింది. కడిగిన మట్టితో చేసిన మొదటి ఆరు పెంకులు. అవి ఖంగుమంటే వాటిని చేతిలో పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్దామనుకున్నాను, తప్పుతో పాటు విరుగుడు కూడా చూపించినట్టు ఉంటుందని. ఇక్కడ కూడా బడాయే. ఆవం లంకకి ఆ చివరన ఉంది. నాలుగో పెంకు బయటికి తీస్తుండగా సైరన్ మోగింది. దిగుడు సైరన్. రేపు రావాల్సిన పిల్ల ఒకరోజు ముందే వస్తోంది.

పరిగెత్తాను. యాభై ఏళ్ల దాన్ని, ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. దిమ్మ దగ్గరికి వచ్చేసరికి బుల్లెమ్మ మధ్యలోంచి నడిచి వస్తోంది, చంకలో ఖాళీ బిందె.

"చెంబు కాదు, బిందెడు పోశా" అంది ముఖమంతా వెలుగుతూ. "పన్నెండు రోజులకి వస్తోంది కదా, ఇప్పటిదాకా ఉన్న దిష్టంతా పోవాలి. నువ్వు లేవు, అందుకని నేనే చేశా."

దిమ్మ నడిమధ్యన ఎర్రటి మరక. నేను చూస్తుండగానే పెంకులు ఆ నీళ్లని తాగుతున్నాయి. కర్రతో కొట్టాను. పలకలేదు. పక్కది కొట్టాను. అదీ పలకలేదు. అరవై డెబ్భై పెంకులు మొద్దుబారి పడున్నాయి. ఊక పోసి కాల్చి ఆరబెట్టాలంటే ఒక పూట పడుతుంది.

బుల్లెమ్మని అనడానికి నాకు హక్కు లేదు.

రేడియో గది మెట్లెక్కి కమాండర్ గారి ముందు నిలబడి, "దిమ్మ మధ్యలో దింపకండి. పెంకులు చెడిపోయి నెలన్నరైంది. నేను దాచాను. ఇప్పుడు తడిశాయి కూడా. నిప్పు తగిలితే పేలతాయి" అన్నాను.

ఆయన మైకుకి చెయ్యి అడ్డం పెట్టారు. "ఎగువకి తిప్పి పంపే ఇంధనం లేదామె దగ్గర. మట్టి పడవని నీటిదొంగలు ముంచేశారు. వాళ్లతో పోరాడి వస్తోంది, ట్యాంకుకి దెబ్బ తగిలింది. గాల్లో ఆగి దిగడానికి నాలుగైదు నిమిషాలకి మించి లేదు. సముద్రంలో దూకెయ్యమని చెప్పాలా?"

"వద్దు. ఈశాన్యం మూల ఉంది."

దిమ్మ వేసిన రోజున పూజ చేసి మొదట పరిచిన ముప్పై ఆరు పెంకులు అవి. మా నాన్న ఆఖరి రోజుల్లో చేసినవి, ఎగువ మట్టితో. అందరూ మధ్యలోనే దిగుతారు కనుక వాటి మీద ఇంతవరకు నిప్పు పడలేదు. రోజూ పొద్దున నేను మొదట మోగించేది వాటినే, మంచి శబ్దం విని పని మొదలుపెడదామని.

ఆయన మైకు నా చేతిలో పెట్టారు. "మీరే చెప్పండి."

"సువార్తా."

"అత్తయ్యా? మీరేంటి రేడియోలో?" గొంతు అలిసిపోయి ఉంది.

"మధ్యలో దిగొద్దు. పెంకులు మంచివి కావు. నువ్వడిగిన రోజు నేను అబద్ధం చెప్పాను. ఇప్పుడవి తడిగా ఉన్నాయి, పేలతాయి."

రేడియో గరగరమంది. మిషన్ దానంతటదే దించే పద్ధతి పెట్టేసుకుని ఉంటుంది, అది తిన్నగా మధ్యకే తీసుకొస్తుంది. దాన్ని తీసేసి చేత్తో దించాలంటే నా మాట నమ్మాలి. నా మాట అబద్ధమని నేనే ఇప్పుడు చెప్పాను.

"ఎక్కడ దిగమంటారు?" అంది.

"ఈశాన్యం మూల. నిప్పు పాత పెంకుల మీద పడాలి. పద్దెనిమిది అడుగుల చోటు."

"ఈ పెంకులైనా నిజమేనా?"

"నిజం. మన శోభనాద్రి మీద, మా నాన్న మీద ఒట్టు. పొద్దునే మోగించా."

"పైనుంచి అన్నీ ఒకేలా కనపడతాయి. గుర్తు పెట్టండి. మూడు నిమిషాల్లో నెత్తిన ఉంటా."

గుర్తుకి రంగు లేదు, ఉన్నా ఆరదు. గుడ్డ పరిస్తే ఎగిరి ఇంజన్‌లోకి పోతుంది, రాళ్లు పెట్టకూడదు. మెట్లు దిగుతూనే అరిచాను, సున్నం డబ్బాలు తెమ్మని. అంచుల గీతలకి వాడే పొడి సున్నం. ఏడుగురం ఆ మూలకి చేరాం. ఎవరూ ఎందుకని అడగలేదు. రోజూ వాకిట్లో ముగ్గేసే చేతులవి, ఒకరు చెయ్యి ఎత్తితే రెండోవాళ్లు ఎక్కడ అందుకోవాలో వాటికి తెలుసు. చుట్టూ పెద్ద చట్రం, మధ్యలో అడ్డంగా నిలువుగా మందంగా రెండు గీతలు. గాలికి పొడి లేస్తుంటే బుల్లెమ్మ పిడికిళ్లతో దిమ్మరించింది. ఏడుస్తూ గీసింది ఆ గీతలు. అప్పటికి ఆవిడకి అర్థమైంది.

చప్పుడు వినపడగానే కట్ట వెనక్కి పరిగెత్తాం.

జెట్ వచ్చి దిమ్మ మధ్యన ఆగింది. పైన, చాలా ఎత్తున. అట్లా ఆగి, మెల్లగా పక్కకి జరిగింది. ముందుకు. ఇంకొంచెం. రెక్క చివర కట్ట బయటికి వచ్చేసింది. సున్నం అంతా తెల్లగా లేచి విమానాన్ని కప్పేసింది, ఇక మాకు ఏమీ కనపడలేదు. పెంకులు పగులుతున్న చప్పుడు మాత్రం వినపడుతోంది. ఒకటి, రెండు, తర్వాత లెక్క తప్పింది. నేను దేవుళ్లందరినీ తలుచుకున్నాను, సువార్త దేవుణ్ని కూడా.

ఇంజన్ ఆగింది. దుమ్ము దిగాక విమానం మూడు కాళ్ల మీద నిలబడి ఉంది, మూలగా, వంకరగా.

సువార్త నిచ్చెన దిగి నా దగ్గరికి రాలేదు. దిమ్మ మధ్యకి నడిచింది. అక్కడ ఎర్ర మరక వరకు నిప్పు సెగ పాకి రెండు పెంకులు పేలి పోయున్నాయి. అరచెయ్యంత ముక్క ఒకటి తీసి చూసింది. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది మీ పోపుల డబ్బాలో పట్టదు" అంది.

దిగుడు లేని రోజులు

దిమ్మ మూసేశారు. దళం ఎగువకి వెళ్లిపోతోంది. జోగారావు విమానాన్ని విడగొట్టి పడవ ఎక్కించారు, మనుషులు కూడా దాంట్లోనే వెళ్తారు. సువార్త విమానాన్ని బాగుచేశారు, అది ఎగిరే వెళ్లాలి. దాంట్లో ఒకటే సీటు. లంక జనం ఇక్కడే ఉంటాం. నీళ్ల పడవలు ఇక పడమటి కాలవ మీదుగా వస్తాయట.

ఖాసిం గారు నన్ను శిక్షించాలి. ఆ మాట ఆయనే చెప్పారు. నా పేరు జీతాల పట్టీలోంచి తీసేశారు. తీసేసి, "ఇంకొక్కసారి మాత్రం మీరే చూడాలి. పెంకు మాట వినేవాళ్లు నా దగ్గర ఇంకెవరూ లేరు" అన్నారు. అది తిట్టు కన్నా ఎక్కువ తగిలింది.

బుల్లెమ్మ మూడు రోజులు అన్నం తినలేదు. నేనే వెళ్లి కలిపి పెట్టాను. "తప్పు నాది, చెప్పకపోవడం నాది" అంటే, "చెప్పకపోతే పోనీ, చెంబు లాక్కునేటప్పుడైనా ఒక్క చీవాటు వెయ్యొచ్చు కదే" అని ఏడ్చింది.

సువార్త నాతో ఐదో రోజు మాట్లాడింది. బట్టలు సర్దుకుంటూ, నా వైపు చూడకుండా. "ఎందుకు దాచారు?"

"మూస్తే నువ్వు వెళ్లిపోతావని."

సర్దడం ఆపింది. "అది నాతో చెప్పొచ్చుగా."

"చెప్తే ఉండేదానివా? దళం ఉండనిచ్చేదా?"

"ఉండనిచ్చేది కాదు. వెళ్లేదాన్నే. కానీ ఇద్దరం కూర్చుని ఏడ్చి వెళ్లేదాన్ని. ఇట్లా కాదు."

ఆమె పక్కన కూర్చుని, ఆమె మడిచిన చొక్కాలు విప్పి మళ్లీ మడతపెట్టాను. వద్దనలేదు.

ఆఖరి లేవడం

పొద్దునే మూల పెంకులు ముప్పై ఆరూ మోగించాను. ఒక్కోటి మూడుసార్లు. ఇరవై రెండు ఖంగుమన్నాయి. పద్నాలుగు పోయాయి.

సువార్త హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చింది. "ఎన్ని?"

"ఇరవై రెండు. లేవడం క్షణంలో పని, దానికి చాలతాయి. మళ్లీ దిగడానికి చాలవు. లేచాక ఏదన్నా తేడా వచ్చినా ఇటు తిరిగి రాకు. ఇంకెటైనా పో."

పెద్ద పుస్తకం అడిగి తీసుకుంది. అందులో నేను రాసింది చదివింది. "లేవడానికి సరే. దిగడానికి కాదు." కింద తన సంతకం పెట్టింది.

బయలుదేరబోతూ ఆగింది. "ఎర్రనీళ్లేవి?"

"వద్దమ్మా, దిమ్మ మీద ఇంక చుక్క నీరు పడదు" అన్నాను.

"దిమ్మ మీద ఎవరు పొయ్యమన్నారు? మనిషిని నేనిక్కడ ఉన్నాగా."

బుల్లెమ్మ వెళ్లి కలుపుకొచ్చింది. చెంబు నాకిచ్చింది. మట్టికట్ట అవతల ఇసకలో సువార్త నిలబడింది, తల కొంచెం వంచి. మూడుసార్లు తిప్పి ఆమె బూట్ల మీద పోశాను. పదిహేనేళ్ల తర్వాత మొదటిసారి, మనిషికి దిష్టి తీశాను. ఆమె నా భుజం మీద నుదురు ఆనించి, వాళ్ల దేవుడితో ఏదో చెప్పుకుంది.

కట్ట దాటాక దిమ్మ అంచున కూర్చుంది. జేబులోంచి రుమాలు తీసి రెండు బూట్లూ, అడుగున కూడా, పొడిగా తుడుచుకుంది. ఇసక రేణువు మిగిలిందేమోనని వేలితో చూసుకుంది. అప్పుడు నా పెంకుల మీద కాలు పెట్టింది.

విమానం నిలువునా లేచింది. కట్ట ఎత్తు, ఇంటి ఎత్తు, తాడిచెట్టు ఎత్తు. ఏ పెంకూ పేలలేదు. ఇంక కనపడకుండా పోయేదాకా చూసి, కర్ర తీసుకుని దిమ్మ ఎక్కాను. వేడి చల్లారాక ముప్పై ఆరూ మళ్లీ మోగించాను. పంతొమ్మిది. రేపు పొద్దున కూడా వచ్చి మోగిస్తాను.